వెనుక తలుపు

జమ్మికుంట నుంచి బయలుదేరిన జ్ఞానోదయ పాఠశాల బస్సును పోయిన వారం మానేరు దాటుతుండగా వదిలిపెట్టాం. స్టీరింగు దగ్గర డ్రైవరు యెషయా ఉన్నాడు. పిల్లల మధ్య ఆయా మగ్దలేనమ్మ కూర్చుంది. ముందు సీటులో ఎవరితోనూ మాట కలపకుండా పాఠశాల కార్యదర్శి లచ్చయ్య సేటు ఉన్నాడు. వానాకాలంలో ఆ బస్సు ఎర్రవాగు నీళ్లలో ఆగిపోవడం, పక్కనున్న ఒకే ఒక తలుపును ప్రవాహం బిగబట్టేయడం, యెషయా జాకీ రాడ్డుతో వెనుక ఇనుప జాలీ పగలగొట్టి పిల్లలందరినీ బయటికి తీయడం పాఠకులకు తెలిసిందే. ఆ తర్వాత దసరా సెలవుల్లో అతడు ఎవరినీ అడగకుండా వడ్రంగి పర్శరాములు చేత బస్సు వెనుక గోడ కోయించి కొత్త తలుపు పెట్టించాడు. సెలవులు అయ్యాక అది చూసిన సేటు అక్కడికక్కడ ఏమీ అనలేదు. కరీంనగర్ సభలో మోటారు ఇన్‌స్పెక్టరు ముందే తేల్చుకుందామన్నాడు.

ఆ సభ రానే వచ్చింది. 1963 డిసెంబరు, శనివారం.

కరీంనగర్‌లో హైస్కూలు మైదానం ఆ ఉదయం పెళ్లిపందిరిలా ఉంది. రెండు జిల్లాల్లో పిల్లలను బడికి చేరవేసే బండ్లన్నీ ఒక చోట చేరడం అదే మొదటిసారి. అన్నీ కలిపితే పదకొండు. సుల్తానాబాద్ నుంచి పాత పెట్రోలు బస్సు వచ్చింది. మంచిర్యాల నుంచి ఇంకొకటి వచ్చింది. ఉట్నూరు ఆశ్రమ పాఠశాల వాళ్లు జీపుకు వెనుక ట్రాలీ తగిలించుకుని అడవి దారిలో రెండు రోజులు నడుపుకుంటూ వచ్చారు. ఆ జీపు తోలిన కొమురెల్లి ఒంటి మీద ఖాకీ బట్టలకు దుమ్ము పట్టి రంగు తెలియడం లేదు గానీ, బండి అద్దాలు మాత్రం తళతళలాడుతున్నాయి. ఊరు చేరగానే ముందు అద్దాలు తుడిచి, ఆ తర్వాతే ముఖం కడుక్కున్నాడట.

డ్రైవర్లందరూ అలాగే ఉన్నారు. ఎప్పుడూ లారీల వాళ్ల వెనుక, సర్వీసు బస్సుల వాళ్ల వెనుక నిలబడడం అలవాటైన మనుషులు. బడి బస్సు తోలేవాడంటే ఎవరికీ లెక్క ఉండేది కాదు. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు, నడుమ బడి తోటకు నీళ్లు పెట్టే పని. అలాంటి తమకోసం ఒక మైదానం, ఒక పందిరి, మైకు పెట్టారంటే వాళ్లకే నమ్మకం కుదరక, ఒకరి బండి చుట్టూ ఒకరు తిరుగుతూ, టైర్లు తట్టి చూస్తూ, నవ్వుకుంటూ ఉన్నారు.

పందిరికి ఒక పక్క బల్లల మీద కొత్త సామాను పరిచారు. మంట ఆర్పే ఎర్ర సిలిండరు, గాయాలకు మందుల పెట్టె, బండి ఆగినప్పుడు మినుకుమినుకుమనే ఎర్రదీపం, బస్సు ముక్కు మీద బిగించే పొంగు అద్దం ఉన్నాయి. ఆ అద్దం దగ్గర యెషయా చాలాసేపు నిలబడిపోయాడు. బండి ముందు చక్రాల దగ్గర కూర్చున్న పిల్ల కూడా అందులో కనిపిస్తుందని అమ్మేవాడు చెప్పాడు. యెషయా నమ్మలేదు. మగ్దలేనమ్మను బస్సు ముందు కూర్చోమని, తాను సీటెక్కి చూశాడు. ఆమె నెత్తి మీది కొంగు, కొంగు కింద నవ్వు కూడా కనిపించాయి. పదేళ్లుగా బండి కదిలించే ముందు ప్రతిసారీ దిగి, ముందుకు వెళ్లి చూసి, మళ్లీ ఎక్కేవాడతను. సీటు దిగి వచ్చి అద్దాన్ని చేత్తో తడిమి, ఇది చేసినవాడు తప్పకుండా డ్రైవరే అయ్యుంటాడన్నాడు.

అన్నింటికంటే పెద్ద ఆకర్షణ కొత్త బస్సు. హైదరాబాదులో బాడీలు కట్టే ఒక కంపెనీ దాన్ని ప్రదర్శనకు పంపింది. లేత పసుపు రంగు, మెత్తటి సీట్లు, లోకప్పుకు దీపాలు, కిటికీలకు మెరిసే ఇనుప కడ్డీలు. పక్కనే కంపెనీ ఏజెంటు కోటు వేసుకుని నిలబడి, వచ్చినవాళ్లందరికీ హారను మోగించి వినిపిస్తున్నాడు. లచ్చయ్య సేటు ఆ బస్సు చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

సేటు చెడ్డవాడు కాదు. పత్తి వ్యాపారంలో పైకి వచ్చిన మనిషి, తాను నాలుగో తరగతి దాటలేదన్న దిగులుతో బడి పెట్టాడు. చుట్టుపక్కల పల్లెల పిల్లలు నడవలేక బడి మానేస్తున్నారని, హైదరాబాదులో మిలిటరీ వాళ్లు వదిలించుకున్న లారీ ఒకటి తెచ్చి బస్సు కట్టించాడు. తాలూకాలో అదే మొదటి బడి బస్సు. దాని నుదుటి మీద పాఠశాల పేరు రాసిన రోజు మార్కెట్ యార్డులో అందరికీ మిఠాయి పంచాడు. ఆ బండినే తనకు చెప్పకుండా రంపంతో కోశారంటే, తన చెయ్యి కోసినంత బాధపడ్డాడు.

సభ మొదలైంది. పిల్లలు స్వాగతగీతం పాడారు. జ్ఞానోదయ పాఠశాల నుంచి అందుకే ఇరవై ఆరుగురు పిల్లలు వచ్చారు. తర్వాత ఏజెంటు మైకు ముందుకు వచ్చి కొత్త బస్సు గొప్పలు చెప్పాడు. చివర, ఎవరికైనా ఏమైనా అడగాలని ఉంటే అడగవచ్చన్నాడు మోటారు ఇన్‌స్పెక్టరు. ఆయన కోస్తా ప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మాట మెత్తన, పని గట్టి. ఈ సభ ఆలోచన కూడా ఆయనదే.

డ్రైవర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. యెషయా లేచాడు.

"బస్సు మంచిగున్నది. కానీ పక్క దర్వాజ తెరువరాకపోతే పిల్లలు ఎటు దిగాలె?"

ఏజెంటు ఓపికగానే జవాబు చెప్పాడు. వెనుక తలుపు పెడితే దుమ్ము లోపలికి కొడుతుంది, బాడీ బలం తగ్గుతుంది, పిల్లలు ఆడుకుంటూ గడియ తీసి పడిపోతారు. అందుకే కంపెనీ వాళ్లు పెట్టలేదు. పెద్ద పెద్ద ఇంజనీర్లు ఆలోచించి చేసిన పని ఇది.

అప్పుడు లచ్చయ్య సేటు లేచి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరుకు దండం పెట్టి, తన ఫిర్యాదు అదేనన్నాడు. తన డ్రైవరు కమిటీని అడగకుండా, కాగితం లేకుండా బస్సు వెనుక గోడ కోయించాడని, రేపు ఏ పిల్ల జారి పడ్డా జవాబు చెప్పాల్సింది బడేనని, ఈ కొత్త బస్సుకు ఇవాళే ఆర్డరు ఇచ్చి దానికి వేరే డ్రైవరును చూసుకుందామనుకుంటున్నానని చెప్పాడు. ఆయన గొంతులో కోపం కంటే మనసు నొచ్చుకున్న ధ్వనే ఎక్కువ.

పందిట్లో గుసగుసలు లేచాయి. యెషయా తల వంచుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు లేచి, నేరుగా జ్ఞానోదయ బస్సు వెనక్కు నడిచాడు. సభంతా ఆయన వెనుక నడిచింది.

తలుపు చూసి ఆయన మొదట అంచులు తడిమాడు. పాత ట్యూబు కోసి నాలుగు వైపులా రబ్బరు పట్టీ బిగించి ఉంది. దుమ్ము రావడం లేదు. లోపలి వైపు గడియకు ఒక ఇనుప పిన్ను ఉంది. పిన్ను లాగకుండా గడియ ఎత్తలేరు. పిన్ను లాగితే బస్సు పొడవునా వెళ్లిన తీగ కదిలి, డ్రైవరు నెత్తి మీద సైకిలు గంట మోగుతుంది. తలుపు తెరిస్తే గొలుసులతో వేలాడుతున్న చెక్క మెట్టు దానంతటదే కిందికి దిగుతుంది. గోడ కోసిన చోట లోపలి నుంచి ఇనుప చట్రం వేశారు. ఇన్‌స్పెక్టరు చట్రానికి భుజం ఆనించి గట్టిగా నెట్టాడు. బండి ఊగింది, చట్రం కదల్లేదు. ఇది ఎవరి పని అని అడిగితే, జమ్మికుంట వడ్రంగి పర్శరాములుది, గంట ఆలోచన కూడా అతనిదేనని యెషయా చెప్పాడు.

ఇంతవరకూ పిల్లల దగ్గరే ఉన్న మగ్దలేనమ్మ ముందుకు వచ్చింది. యాభై ఏళ్ల మనిషి. మిషన్ ఆసుపత్రిలో పదిహేనేళ్లు ఆయాగా చేసి, తర్వాత ఈ బస్సులో చేరింది.

"సార్, మాటలెందుకు. మా పిల్లలను గా కొత్త బస్సుల కూసోబెట్టుండ్రి. పక్క దర్వాజ మూసి దింపుమనుండ్రి. మల్ల మా బస్సుల చూద్దురు."

ఇన్‌స్పెక్టరు చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు.

ఏజెంటు కాదనలేకపోయాడు. ఇరవై ఆరుగురు పిల్లలు మెత్తటి సీట్లలో ఎగిరెగిరి కూర్చున్నారు. పక్క తలుపుకు అడ్డంగా ఇద్దరు డ్రైవర్లు వీపులు ఆనించి నిలబడ్డారు. కిటికీలకు కడ్డీలు ఉండటంతో అటు దారి లేదు. మిగిలింది డ్రైవరు తలుపు ఒక్కటే. ఇంజను మూత ఎక్కి, గేరు రాడ్డు దాటి, స్టీరింగు కింద నుంచి దూరి రావాలి. పెద్ద పిల్లలు ముందే దూకారు. చిన్నవాళ్లు ఇంజను మూత ఎక్కలేక అక్కడే గుంపుగా నిలబడ్డారు. ఒక పిల్లవాడి చొక్కా గేరు రాడ్డుకు తగులుకుంది. నాలుగు నిమిషాలు దాటినా తొమ్మిది మంది లోపలే ఉన్నారు. ఏజెంటే స్వయంగా లోపలికి వెళ్లి వాళ్లను ఒక్కొక్కరిని ఎత్తి దింపాడు. అతని కోటు చెమటతో తడిసింది.

తర్వాత జ్ఞానోదయ బస్సు. పిల్లలు ఎక్కి కూర్చున్నారు. వెనుక తలుపు పక్క సీటు ఎప్పుడూ సత్తవ్వది. ఎనిమిదేళ్ల పిల్ల. వాగు సంగతి తర్వాత ఆ పిల్ల రెండు నెలలు బస్సెక్కలేదు. బస్సు శబ్దం వినబడితే చాలు, ఇంట్లోకి పరిగెత్తి నీళ్ల గాబు వెనుక దాక్కునేది. తలుపు పెట్టిన తర్వాత మగ్దలేనమ్మ వాళ్ల ఇంటికి వెళ్లి, పిల్లను చంకనెత్తుకుని తెచ్చి, పిన్ను లాగడం పదిసార్లు చేయించి, ఈ పని ఇక నీదేనని చెప్పింది. మరునాటి నుంచి సత్తవ్వ అందరికంటే ముందే వచ్చి రోడ్డు మీద నిలబడేది.

మగ్దలేనమ్మ బస్సు కప్పును లోపలి నుంచి మూడుసార్లు కొట్టింది.

సత్తవ్వ పిన్ను లాగింది. ముందు గంట మోగింది. గడియ లేచి, తలుపు తెరుచుకుని, మెట్టు దిగింది. పెద్ద తరగతి పిల్లలు ఇద్దరు ముందు దిగి, మెట్టుకు అటొకరూ ఇటొకరూ నిలబడి చేతులు చాచారు. మిగిలినవాళ్లు తోసుకోలేదు, అరవలేదు. ముందున్నవారి అంగీ వెనుకున్నవారు పట్టుకుని వరసగా వచ్చారు. చిన్నవాళ్లు మెట్టు మీద కూర్చుని జారారు. దిగినవాళ్లు దిగినట్టే ఇరవై అడుగుల దూరం నడిచి వెళ్లి నేల మీద కూర్చున్నారు. అందరూ దిగాక మగ్దలేనమ్మ వంగి ప్రతి సీటు కిందా చూసి, చివరగా తాను దిగి, పిల్లల తలలు లెక్కపెట్టి చెయ్యి ఎత్తింది.

యాభై మూడు సెకండ్లు.

ఇన్‌స్పెక్టరు ఆ అంకె మైకులో చెప్పినప్పుడు ముందు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ బస్సు వెనుకే చూస్తున్నారు. తర్వాత సుల్తానాబాద్ డ్రైవరు చప్పట్లు మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు. డ్రైవర్లు తలుపు చుట్టూ మూగి జానలతో కొలతలు తీసుకున్నారు. ఒకడు బీడీ కట్ట కాగితం వెనుక బొమ్మ గీసుకున్నాడు. పర్శరాములు కరీంనగర్ వస్తాడా, వాళ్ల ఊరికే బండి తీసుకెళ్లాలా అని ఇంకొకడు అడిగాడు. ఏజెంటు కూడా జేబులోంచి నోటుబుక్కు తీసి గడియ దగ్గర వంగాడు. సత్తవ్వ అతనికి పిన్ను ఎలా లాగాలో రెండుసార్లు చూపించింది.

లచ్చయ్య సేటు అలాగే నిలబడి ఉన్నాడు. ఎవరో వచ్చి, మీ బడిదేనా ఈ బస్సు అని అడిగారు. అవునన్నాడు. ఇంకొకరు వచ్చి అడిగారు. అప్పుడూ అవునన్నాడు. ఈసారి గొంతు కొంచెం పెరిగింది. తన ఛాతీ తనకు తెలియకుండానే పొంగుతోందని, పొద్దుటి నుంచి దాచుకున్న కోపానికి ఇప్పుడు చోటు దొరకడం లేదని ఆయనకే అర్థమైంది.

అందరూ మళ్లీ పందిట్లో కూర్చున్నాక ఇన్‌స్పెక్టరు యెషయాను వేదిక మీదికి పిలిచాడు. ఇలాంటి తలుపు ప్రతి బడి బస్సుకూ ఉండాలని హైదరాబాదుకు రాస్తానని, ఇది చేసిన మనిషికి ఈ సభ తరఫున దండ వేద్దామని అన్నాడు.

యెషయా మెట్లెక్కాడు. అతని బాపు మొండయ్య మిషన్ బంగళాలో ఇరవై ఏళ్లు పాదిరిగారి మోటారు కడిగాడు. ఒక్కనాడూ దాని సీటులో కూర్చోలేదు. కొడుకు ఖాకీ చొక్కా తొడుక్కుని మొదటిసారి బస్సు తోలుకుంటూ వచ్చిన రోజు, ఆయన రోడ్డు పక్కన నిలబడి, బస్సు కనుమరుగయ్యేదాకా చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని చూశాడు. ఇవాళ ఆయన ఉంటే బాగుండేదని యెషయాకు అనిపించింది. వెంటనే, ఆయన ముందు అబద్ధం మోసుకుంటూ నిలబడగలిగేవాడినా అని కూడా అనిపించింది.

ఇన్‌స్పెక్టరు దండ ఎత్తాడు. యెషయా ఒక అడుగు వెనక్కు వేశాడు.

"జర ఆగుండ్రి సార్. దండ వేసే ముంగట ఒక ముచ్చట చెప్పాలె."

మైకు తన వైపు తిప్పుకోలేదు. అయినా పందిరి చివరి దాకా వినపడింది.

"గా దినం వాగు నా మీదికి రాలే. నేనే వాగులకు పోయిన. వంతెన పక్కన గుర్తు రాయి ఉంటది. దాని మీది తెల్లగీత మునిగితే బండి ఆపాలె. గీత మునిగిందని నేను చూసిన. మొన్న గంతే నీళ్లల్ల దాటిన, ఇయ్యాల గూడ దాటుత అనుకున్న. నడుమల ఇంజను ఆగింది."

పిల్లలు కూర్చున్న వైపు తిరిగాడు.

"అందరు నన్ను పిల్లలను కాపాడినోడు అంటున్నరు. నేను నాలుగు నెలలు ఊకున్న. నౌకరి పోతదని ఊకున్న. దర్వాజ నేను తెలివితోని పెట్టలే సార్, భయంతోని పెట్టిన. మల్ల నాసొంటోడు ఒకడు గట్లనే చేస్తే, పిల్లలకు ఒక తొవ్వ ఉండాలెనని పెట్టిన. గీ దండ పర్శరాములుకు వెయ్యుండ్రి, మా మగ్దలేనమ్మ అక్కకు వెయ్యుండ్రి. నాకొద్దు."

ఇన్‌స్పెక్టరు చేతిలో దండ అలాగే ఉంది. తప్పు ఒప్పుకున్నవాడి మీద చర్య తీసుకోక తప్పని ఉద్యోగం ఆయనది. ఆ సంగతి పందిట్లో ఉన్న ప్రతి డ్రైవరుకూ తెలుసు.

అప్పుడు వెనుక వరసలోంచి ఉట్నూరు కొమురెల్లి లేచాడు. తన జీపుకు బ్రేకు ఆయిలు కారుతుందని తెలిసి కూడా, సామాను రాలేదన్న వంకతో మూడు రోజులు కొండ ఘాటు మీద పిల్లలను తిప్పానని చెప్పాడు. ఏమీ కాలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదని, ఇప్పటికీ ఆ ఘాటు మలుపు దగ్గరికి వచ్చేసరికి బండి ఆపి బ్రేకు చూసుకుంటానని అన్నాడు. ఆయన కూర్చోగానే మంచిర్యాల డ్రైవరు లేచాడు. తర్వాత మరొకడు. ఒకడు కునుకు తీసిన సంగతి, ఒకడు తలుపు వేయకుండా బండి కదిలించిన సంగతి చెప్పాడు. ఎవరూ బలవంతం చేయలేదు. ఏళ్ల తరబడి ఎవరితోనూ చెప్పుకోలేని మాటలు, చెబితే అర్థం చేసుకునే మనుషులు దొరికినందుకు, ఒకదాని వెనుక ఒకటి బయటికి వచ్చాయి.

మధ్యాహ్నం భోజనాలకు పిలుపు వచ్చినా ఎవరూ లేవలేదు. కొమురెల్లే మళ్లీ ఒక మాట అన్నాడు. గుర్తు రాయి మునిగినా, బ్రేకు పట్టకపోయినా, ఒంట్లో బాగుండకపోయినా బండి ఆపేది డ్రైవరే కావాలి. పొమ్మనే హక్కు బడివాళ్లకు ఉండకూడదు. డ్రైవర్లందరూ చేతులు ఎత్తారు. ఇన్‌స్పెక్టరు ఆ మాటను తన చేతులతో కాగితం మీద రాసి, పదకొండు మందితోనూ సంతకాలు చేయించాడు. సంతకం రాని ఇద్దరు వేలిముద్రలు వేశారు. యెషయా ఆ కాగితం మీద తన పేరు నిదానంగా రాశాడు. దండ వేసుకోకపోయినా, తన పనికి ఒక గౌరవం ఉందని ఆ ఒక్క క్షణంలో అతనికి తెలిసింది.

పందిరిలోంచి బయటికి వచ్చేసరికి బస్సు దగ్గర యాదవ్వ నిలబడి ఉంది. సత్తవ్వ తల్లి. పత్తి జిన్నింగులో పనిచేస్తుంది. పిల్లలకు తోడుగా ఇవాళ బస్సులో వచ్చింది. ఈ నాలుగు నెలల్లో యెషయా పేరు ఆమె చెప్పినన్నిసార్లు ఎవరూ చెప్పలేదు. బిడ్డను మళ్లీ తన చేతికిచ్చిన మనిషని కనిపించిన వాళ్లందరికీ చెప్పేది.

"నీళ్లు గీత దాటినయని నీకు ఎరుకనే?" అని అడిగింది.

ఎరుకేనన్నాడు.

"గింతమందికి చెప్పినవ్ అన్నా. నాకు చెప్పలే. నేను నీ ఇంటికి సద్దరొట్టెలు తెచ్చిన దినం గూడ చెప్పలే."

యెషయా తప్పయిందని అనబోయాడు గానీ, ఆ మాట అక్కడ చాలా చిన్నదైపోతుందనిపించింది. యాదవ్వ సత్తవ్వను చెయ్యి పట్టుకుని బస్సు వెనక్కు తీసుకెళ్లి, తలుపు పక్క సీటులో కూర్చోబెట్టి, తాను కూడా పక్కనే కూర్చుంది.

"సోమారం సంది వారం దినాలు నేను గూడ ఎక్కుత. నువ్వు ఎట్ల తోల్తవో కండ్లార చూడాలె. గప్పుడు మాట్లాడుత నీతోని."

మగ్దలేనమ్మ ఆ పక్కకు వచ్చి, యెషయా భుజం మీద చెయ్యి వేసి తీసేసింది. అతను చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

అప్పుడే ఇన్‌స్పెక్టరు జవాను వచ్చాడు. అయ్యగారు పిలుస్తున్నారని, లైసెన్సు పట్టుకుని రమ్మన్నారని చెప్పాడు.

యెషయా దానికోసమే ఎదురుచూస్తున్నాడు. జేబులోంచి తోలు సంచి తీసి, అందులోని చిన్న పుస్తకాన్ని ఒకసారి విప్పి చూసుకున్నాడు. అందులో పదేళ్ల కిందటి ఫోటో, భయంభయంగా నిటారుగా కూర్చున్న పడుచువాడు. పుస్తకం మూసి, పందిరి వెనుక ఇన్‌స్పెక్టరు బల్ల వేసుకున్న గది వైపు నడిచాడు.

వెనుక చెప్పుల చప్పుడు వినిపించింది. లచ్చయ్య సేటు.

సేటు దగ్గరికి వచ్చి అతనితో సమానంగా నడవసాగాడు. గది గుమ్మం దగ్గర సేటు ఆగి, నెత్తి మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"గా దినం పొద్దుగాల నీకెవరు కబురు పంపిండ్రు?" అని అడిగాడు.

యెషయా తల తిప్పి ఆయన వైపు చూడలేదు. "గా ముచ్చట ఇడిచిపెట్టు సేటు. స్టీరింగు పట్టింది నేను."

"పట్టింది నువ్వే. మా చుట్టాలను టేషనుకు పంపాలె, వాగు సూసుకుంట కూసోకుండ బండి జల్ది తెమ్మని మనిషిని పంపింది నేను. గిందాక మైకు ముంగట నువ్వు నా పేరు చెప్తవని నేను గజగజ వణికిన యెషయా. నువ్వు చెప్పలే."

గదిలో ఇన్‌స్పెక్టరు కలం మూత తీసి కాగితం ముందుకు జరుపుకున్నాడు. ఇద్దరూ లోపలికి వెళ్లాక యెషయా లైసెన్సు బల్ల మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని అందుకోబోతుండగా, సేటు ఆ చిన్న పుస్తకం మీద తన అరచెయ్యి ఆనించి అదిమిపట్టాడు.

"దీన్ని ముట్టే ముంగట నా మాట రాసుకోవాలె సార్. రాసినంక, నన్ను గా బడి కార్యదర్శి కుర్చీల ఉంచుతరో దించుతరో, బయట కూసున్న డ్రైవర్లనే పిలిచి అడుగుండ్రి."